వియ్యంకుడూ నా మూత్రపిండాలూ

బొంబాయిలో సగం మా తాతే రాళ్లు మోసి కట్టాడని మా నాయన చెప్పేవాడు. మిగతా సగం తాను కట్టానని కూడా చెప్పేవాడు. ఇక కట్టడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి నేను సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకునే ఉద్యోగంలో చేరాను. చీకట్లో జనానికి సీట్లు చూపించడం, మెట్టు ఉందని హెచ్చరించడం నా పని. ఈ పనికి రెండు కళ్లూ, ఒక గొంతూ చాలు. బుర్ర అక్కర్లేదు. అందుకే అంతకాలం నిలబడ్డాను.

నా పేరు గంగారాం. మా చాలీ, అంటే ఒక్కో గదిలో ఒక్కో సంసారం ఉండే అద్దె మేడ, కామాటిపుర పదో గల్లీలో ఉంది. కామాటిపుర అంటే ఊరందరికీ సానికొంపలే గుర్తొస్తాయి కాబట్టి, ఆ మాట చెప్పగానే ఎదుటివాడు ఒక రకంగా నవ్వుతాడు. మొదట్లో "మాది అటువైపు కాదు, ఇటువైపు, తెలుగువాళ్ల చాలీ" అని వివరించేవాణ్ణి. వివరించిన కొద్దీ వాడి నవ్వు పెద్దదయ్యేది. తర్వాత మానేశాను. అయితే ఆ నవ్వుల వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. దాని పేరు పరువు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ పల్లకీ మోసేవాణ్ణీ నేనే, ఎక్కి కూర్చునేవాణ్ణీ నేనే.

బట్టల మిల్లుల సమ్మె ముగిసిన ఒకటి రెండేళ్లకు మా అమ్మాయి వందనకు సంబంధం కుదిరింది. పిల్లవాడు శివరాం. వర్లి చాలీలో ఉంటారు. రేవు దగ్గర ఒక కంపెనీలో గుమాస్తా. బుద్ధిమంతుడు. మా వందనతో మరాఠీలో మాట్లాడతాడు, నాతో కష్టపడి తెలుగులో మాట్లాడతాడు. అతని తండ్రి రాజమల్లు పెద్దాసుపత్రిలో వార్డుబాయ్. అంటే రోగుల పక్కలు మార్చడం, మంచాల మీద పడి ఉన్నవాళ్లకు మలమూత్రాల పాట్ అందించడం, నిండితే తీసుకెళ్లి పారబోయడం.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నాకు తెలుసు. కానీ చాలీలో ఎవరైనా అడిగితే "మా వియ్యంకుడు ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకు కుడిచెయ్యి" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా అని నా మనసుకు సర్దిచెప్పేవాణ్ణి. ఆ మాట మా ఒంటిగది ఖోలీ గుమ్మం దాటి, నల్లా దగ్గరకు వెళ్లి, బిందెల మధ్య తిరిగి వచ్చేసరికి రాజమల్లు కంపౌండర్ అయ్యాడు. మూడో అంతస్తు చేరేసరికి సగం డాక్టరయ్యాడు. అక్కడుండే బాలయ్య తన మోకాలి నొప్పికి నన్ను సలహా అడగడం మొదలుపెట్టాడు. నేను కాదనలేదు. కొబ్బరినూనె రాయమన్నాను.

నిశ్చయ తాంబూలాలను మా వాళ్లు ఇక్కడి మాటలోనే సాకర్‌పుడా అంటారు. అది అయిపోయింది. దీపావళి తర్వాత పెళ్లి అనుకున్నాం. ఈలోపు వానలొచ్చాయి, మా సినిమా హాలు కారింది. ఒక సాయంత్రం ఆట మొదలయ్యాక ఒక జంట వచ్చింది. బాల్కనీ మెట్లు తడిసి ఉన్నాయి. వాళ్ల కాళ్ల ముందు వెలుగు పడేలా నేను వెనక్కి నడుస్తూ "సంభాల్‌కే, సీడీ హై" అన్నాను. జాగ్రత్త, మెట్టుందని అంటూనే నేను పడ్డాను. దీపం కింద చీకటి అని చిన్నప్పుడు చదువుకున్నది ఆ రోజు అర్థమైంది. తొడ ఎముక విరిగింది. ఇనుప కమ్మీ గీసుకుని పిక్క చీరుకుపోయింది. ఆ జంట మాత్రం జాగ్రత్తగానే దిగింది.

పెద్దాసుపత్రిలో మగవాళ్ల ఎముకల వార్డులో పడుకోబెట్టారు. కాలికి తాడు కట్టి, గిరక మీదుగా వేసి, చివర బరువుకు ఇటుకలు వేలాడదీశారు. మా నాయన తర్వాత మళ్లీ మా వంశానికి ఇటుకలతో పని పడింది. అలా వెల్లకిలా పడుకుని ఉండగా ఎదురుగా చేతిలో పాట్ పట్టుకుని రాజమల్లు కనిపించాడు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "బావా! నువ్వా! అరే, ఇగ నీకేం ఫికర్ లేదు. ఈ వార్డు నాదే" అన్నాడు.

నాకు మాత్రం ఉన్న ప్రాణం కాస్తా ఎగిరిపోయినట్టయింది. మా వాళ్లలో మగపెళ్లివారి పెద్ద అంటే సామాన్యుడు కాదు. ఆయన కూర్చోకముందు ఆడపిల్ల తండ్రి కూర్చోడు. ఆయన ముందు కాలు మీద కాలు వేయడు. పెళ్లిలో ఎదుర్కోళ్ల నాడు ఆయన కాళ్లకు నీళ్లు పోసి, పానకం ఇచ్చి, లోపలికి పిలవాలి. అలాంటి మనిషి చేతికి నా పాట్ ఎలా ఇస్తాను? నా కాలేమో ఆయన ముఖానికి ఎదురుగా గాల్లో వేలాడుతోంది. దానికే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అయినా ఒక ఉపాయం తోచింది. రాజమల్లుది పగటి డ్యూటీ. రాత్రికి ఒక కొంకణీ మనిషి వచ్చేవాడు. అతను నాకేమీ చుట్టం కాదు. అందుకని పగలంతా బిగపట్టుకుని, అతను వచ్చాక పని కానిచ్చేవాణ్ణి. చాలీలో పుట్టినవాడికి బిగపట్టడం ఒక లెక్క కాదు. సండాసు ముందు వరుసలో డబ్బా పట్టుకుని నిలబడి, ముందున్నవాడు పేపరు చదవడం ముగించేదాకా ఓర్చుకున్న వంశం మాది.

రాజమల్లు "ఒంటికి వస్తలేదా బావా?" అని గంటగంటకూ అడిగేవాడు. "పొద్దున్నే అయింది బావా" అనేవాణ్ణి. ఆయనకు అనుమానం రాలేదు. పైగా, రాత్రిపూట నన్నెవరు చూసుకుంటున్నారో అని బెంగపెట్టుకున్నాడు. ఆ కొంకణీ మనిషితో మాట్లాడుకుని, అతని డ్యూటీ కూడా తానే తీసుకున్నాడు. "నిన్ను పరాయోళ్ల చేతుల పెడ్తనా బావా?" అన్నాడు. ప్రేమ అంటే అది. ఆ ప్రేమే నన్ను చంపబోయింది.

ఇక దారి ఏముంది? లోపలికి వెళ్లనిది బయటికి రాదు కదా. నీళ్లు మానేశాను. పాట్ సంగతి రాజమల్లు అడిగితే, ఆయన తిండికి వెళ్లినప్పుడు ఊడ్చేవాడు అందించాడని చెప్పేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పక్క మంచం మీద లచ్చయ్య అని పాలమూరు జిల్లా మనిషి ఉండేవాడు. బిల్డింగు పనిలో పరంజా మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చూసేవాళ్లెవరూ లేరు. ఎప్పుడూ దాహమనేవాడు. రాజమల్లు నా జగ్గు నింపి వెళ్లగానే దాన్ని లచ్చయ్యకు ఇచ్చేవాణ్ణి. "నీ కడుపు సల్లగుండ, అన్నా" అని అతను గటగటా తాగేవాడు. రాజమల్లు వచ్చి ఖాళీ జగ్గు చూసి సంతోషించి మళ్లీ నింపేవాడు. ఆయన నింపడం, లచ్చయ్య తాగడం, పుణ్యం నేను మూటగట్టుకోవడం. వార్డంతటికీ నా అంత ఉదారుడు లేడనుకున్నాను.

దీనికి తోడు నొప్పి. వియ్యంకుడి ముందు మూలగడం కూడా నామోషీయే. నాతో పాటు హాల్లో గేటు దగ్గర పనిచేసే కిష్టయ్య చూడవచ్చినప్పుడు నొప్పి గోళీలు తెచ్చిపెట్టమన్నాను. తెచ్చాడు. సిస్టరు ఇచ్చేవి ఎలాగూ వేసుకుంటున్నాను. కిష్టయ్యవి దిండు కింద పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు నోట్లో వేసుకునేవాణ్ణి. అవైనా నీళ్లతో కాదు, ఉమ్మితో. పిక్క గాయానికి చీము పట్టిందని రోజూ ఇంజెక్షన్లు కూడా ఇస్తున్నారు. అప్పటికి నా ఒంట్లో మందులు తప్ప వేరే తడి లేదు.

అలా కొన్నాళ్లు గడిచేసరికి ఒంటికి రావడమే ఆగిపోయింది. బిగపట్టాల్సిన అవసరం కూడా లేదు. నేనేమనుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. గెలిచాననుకున్నాను. పోచమ్మ తల్లే నా పరువు కాపాడిందనుకుని మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

తర్వాత ముఖం ఉబ్బింది. మా ఆవిడ రత్నాబాయి చూసి, "ఆస్పత్రి తిండి పడ్డట్టుంది, జర ఒళ్లు చేసినవ్" అంది. స్టీలు పళ్లెంలో ముఖం చూసుకున్నాను. నిజమే, జీవితంలో మొదటిసారి నాలుగు ఖోలీలు అద్దెకిచ్చే మనిషిలా కనిపించాను. పెళ్లికి ఇలాగే ఉంటే బాగుండుననుకున్నాను. మర్నాడు అన్నం చూస్తే వాంతి వచ్చింది. ఎక్కిళ్లు మొదలై ఆగలేదు. పగలే మగతగా ఉండి, ఎవరు పిలుస్తున్నారో తెలిసేది కాదు.

వార్డు డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నా మంచి కాలి పాదం మీద బొటనవేలితో నొక్కింది. పిండి ముద్ద మీద పడ్డట్టు గుంట పడింది. మూత్రం ఎలా అవుతోందని అడిగింది. నేను రాజమల్లు వైపు చూసి "బరాబర్" అన్నాను. రాజమల్లు కూడా నన్ను వెనకేసుకొచ్చాడు. "మస్తు నీళ్లు తాగుతుండు డాక్టరమ్మా. జగ్గుల మీద జగ్గులు నేనే నింపుతున్న" అన్నాడు.

అప్పుడు పక్క మంచం నుంచి లచ్చయ్య గొంతు వినిపించింది. "ఆ నీళ్లన్నీ నేను తాగిన అమ్మా. ఆయన సుక్క ముట్టలే. ఇస్తే తాగిన, నన్నేమనకుండ్రి."

డాక్టరమ్మ మూత్రానికి గొట్టం వేయించింది. సీసా అడుగున నాలుగు చుక్కలు పడ్డాయి, కాచి కాచి మరిచిపోయిన డికాషన్ రంగులో. దిండు కింద గోళీలు దొరికాయి. రక్తం తీసుకెళ్లారు. సాయంత్రం ఆమె వచ్చి నాకూ, రత్నాబాయికీ, రాజమల్లుకూ విడమరిచి చెప్పింది. నీళ్లు లేక కిడ్నీలు ఎండిపోయాయట. ఎండినవాటి మీద ఈ గోళీలు దెబ్బ కొట్టాయి. ఆ పైన చీముకు ఇచ్చే ఇంజెక్షను కూడా అలాంటి కిడ్నీలకు విషమే. ఒక్కోటి విడిగా అయితే తట్టుకునేవేమో, మూడూ కలిసి పడ్డాయి. తిండితో లోపలికి వెళ్లిన నీరు బయటికి పోలేక ముఖం ఉబ్బిందట. నేను తాగుతున్నాననే లెక్కతో మందు ఇస్తూ పోయామని, ముందే రక్తం చూడాల్సిందని ఆమె తన తప్పు కూడా చెప్పుకుంది. నాకు సిగ్గేసింది.

"తిరిగి పనిచేస్తయా?" అని రత్నాబాయి అడిగింది.

కొందరికి రెండు మూడు వారాల్లో వాటంతట అవే లేస్తాయనీ, కొందరికి సగమే లేస్తాయనీ, కొందరు అప్పటిదాకా ఆగరనీ చెప్పింది. నేను ఎవరిలో ఉంటానో ఇప్పుడే చెప్పలేనంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కాలు చూపించుకోవడానికి వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను.

అందరూ వెళ్లాక రాజమల్లు మంచం పక్కన నిలబడ్డాడు. "ఎందుకు బావా?" అన్నాడు.

"నువ్వు మగపెళ్లోల్ల పెద్దవు. నీ చేత నా పాట్ ఎట్ల మోపిస్త?" అన్నాను. మధ్యలో రెండు ఎక్కిళ్లు.

ఆయన నా జగ్గు తీసి కింద పెట్టాడు. తర్వాత గొంతు పెంచకుండానే అన్నాడు. "ఈ చేతుల్తోనే పాట్లు మోసిన. ఈ చేతుల్తోనే పిల్లగాన్ని సాదిన. ఆ పిల్లగానికి నీ బిడ్డనిస్తవ్. నా చేతికి పాట్ మాత్రం ఇయ్యవ్. చాలీల నన్ను కంపౌండర్ అని చెప్పినవంట, శివరాం చెప్తే నవ్వుకున్న. గిప్పుడు చెప్పు బావా. నువ్వు నాకు ఇజ్జత్ ఇస్తున్నవా, నా పనికి సిగ్గుపడుతున్నవా?"

ఎక్కిళ్లు ఇంకా గట్టిగా అందుకున్నాయి. పరువు, పరువు అని ఇన్నాళ్లు నేను మోసినదంతా ఆయన మీద నాకున్న చిన్నచూపేనని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్లైనా ఒంట్లోంచి పోయిన నీళ్లే కదా, కొంత మేలు చేసి ఉంటాయి.

నన్ను వేరే వార్డుకు మార్చారు. పొట్టకు చిన్న బెజ్జం చేసి గొట్టం దోపారు. సీసాల కొద్దీ మందు నీళ్లు లోపలికి పోసి, కాసేపు ఉంచి, మళ్లీ బయటికి తీసేవాళ్లు. ఒంట్లో చేరిన విషం వాటితో పాటు వస్తుందట. చాలీలో బట్టలు జాడించినట్టు నా పొట్టను జాడించారు. రాజమల్లు పెద్ద సిస్టరును బతిమాలుకుని డ్యూటీ ఈ వార్డుకు మార్పించుకున్నాడు. నాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు గానీ, నా తల పట్టుకుని కూర్చునేవాడు.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు నీళ్లు తాగుతానంటే తాగనివ్వరు. బయటికి పోయే దారి లేదు కాబట్టి ఎక్కువ తాగితే ఊపిరితిత్తులకు పడుతుందట. జగ్గుల కొద్దీ దానం చేసిన మహానుభావుణ్ణి, చిన్న స్టీలు గ్లాసు కోసం పొద్దంతా ఎదురుచూసేవాణ్ణి. ఆ గ్లాసు కూడా రాజమల్లు చేతిలోనే ఉండేది. తడి దూదితో నా పెదాలు అద్దేవాడు. చాలీ జనమంతా కొబ్బరిబోండాలు మోసుకొచ్చారు. ఒంటికి రానివాడికి కొబ్బరినీళ్లు అమృతమని మా వాళ్ల నమ్మకం. కిడ్నీలు మూసుకున్నవాడికి ఆ నీళ్లలోని పొటాషియం ఉప్పుతో గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. రాజమల్లు గుమ్మంలో చేతులు చాచి నిలబడి ఒక్క బోండం కూడా లోపలికి రానివ్వలేదు. అన్నీ ఎముకల వార్డులో లచ్చయ్యకు పంపించాడు. నా వాటా నీళ్లూ, నా వాటా బోండాలూ తాగి లచ్చయ్య నున్నగా తయారయ్యాడని తర్వాత విన్నాను.

నా పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. వాంతులూ విరేచనాలతో వచ్చాడట. ఆయన కిడ్నీలూ నాలాగే ఆగాయి. ఇద్దరికీ ఒకే రకం గొట్టం, ఒకే మందు నీళ్లు. ఒక పొద్దున ఆయన మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పారు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. చావంటే కాదు, అది కూడా అనుకోండి. నేను పోతే వందన పెళ్లి ఏడాది ఆగుతుంది. ఎందుకు పోయాడంటే, వియ్యంకుడికి పాట్ ఇవ్వడానికి సిగ్గుపడి పోయాడని చెప్పుకుంటారు. నా కూతురు ఆ మాట మోసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టాలి. పోచమ్మ తల్లికి మళ్లీ మొక్కాను. ఇంతకుముందు మొక్కింది తప్పయిందనీ, దాన్ని రద్దు చేసుకొమ్మనీ వేడుకున్నాను.

ఇంకొన్నాళ్లకు ఒక ఉదయం రాజమల్లు మూత్రపు గొట్టం చివరనున్న సీసా వంగి చూశాడు. తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. అడుగున నిన్నటి కంటే కొంచెం ఎక్కువుంది, రంగు కొంచెం పలచబడింది. "వచ్చింది బావా!" అని అరిచాడు. అరిచి ఊరుకోలేదు. ఆ సీసా పట్టుకుని వార్డంతా తిరిగాడు. సిస్టరుకు చూపించాడు, డాక్టరమ్మకు చూపించాడు, మెట్లు దిగి ఎముకల వార్డుకు వెళ్లి లచ్చయ్యకు కూడా చూపించి వచ్చాడు. రత్నాబాయి పేడాలు పంచింది. వందన పదో తరగతి పాసైనప్పుడు కూడా మేము పేడాలు పంచలేదు.

ఆ తర్వాత వరద. మూసుకున్న కిడ్నీలు తెరుచుకునేటప్పుడు అలాగే అవుతుందట. ఇప్పుడు తాగు, ఇంకా తాగు అని నా వెంటపడ్డారు. పాట్ నిండడం, రాజమల్లు పరుగెత్తడం, తిరిగొచ్చేసరికి ఇంకోటి సిద్ధంగా ఉండడం. "అరే బావా, జర ఆగు, నేను ముసలోన్ని" అని నవ్వేవాడు. మర్యాదగా ఆయన చేతికే ఇచ్చాను. ఒక్కటి కూడా దాచుకోలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, కిడ్నీలు దాదాపు మొత్తం లేచాయనీ, అప్పుడప్పుడూ వచ్చి రక్తం చూపించుకోవాలనీ, ఇక జన్మలో అడగకుండా నొప్పి గోళీ మింగొద్దనీ చెప్పింది. కాలు అతికింది గానీ కొంచెం పొట్టిదయింది. కర్ర వచ్చింది.

పెళ్లి అనుకున్న రోజుకే జరిగింది. గల్లీలో షామియానా వేశాం. సాయంత్రం వర్లి నుంచి మగపెళ్లివారు దిగారు. ఎదుర్కోళ్లకు నేను కర్ర పట్టుకుని, చెంబు పట్టుకుని ముందు నిలబడ్డాను. మూడో అంతస్తు బాలయ్య జనాన్ని తోసుకొచ్చి, "కంపౌండర్ సాబ్, జర నా మోకాలు చూస్తరా?" అని రాజమల్లును అడిగాడు.

రాజమల్లు నా వైపు చూశాడు.

"కంపౌండర్ కాదు బాలయ్యా" అన్నాను. గల్లీ అంతా వినబడింది. "వార్డుబాయ్. నా పాట్ మోసి నన్ను బతికించిండు. నేనే అబద్ధం చెప్పిన. నీ మోకాలికి కొబ్బరినూనె కూడా అబద్ధమే."

రాజమల్లు కాళ్లకు నీళ్లు పోశాను. వంగడం కష్టమైతే వందన నా భుజం పట్టుకుంది. పానకం గ్లాసు ఆయన చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని తాగకుండా నా నోటి దగ్గర పెట్టాడు.

"ముందు నువ్వు తాగు బావా. నా కండ్ల ముందర. లచ్చయ్యకు ఇయ్యకు."

జనం విరగబడి నవ్వారు. షామియానా గుంజకు ఆనుకుని కూర్చున్న లచ్చయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను గ్లాసంతా తాగాను. ఆయన ఇంకోటి పోయించాడు, అదీ తాగాను.

ఫలితం తెలిసిందే. తంతు మధ్యలో లేవాల్సి వచ్చింది. మా చాలీ సండాసుకు వెళ్లే మెట్ల దగ్గర దీపం ఎప్పుడూ వెలగదు. కర్రతో తడుముకుంటున్నాను. వెనక నుంచి వెలుగు పడింది. చూస్తే కొత్త పంచెలో రాజమల్లు, చేతిలో నా టార్చిలైటు.

"సంభాల్‌కే బావా, మెట్టుంది" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని దిగాను.